మరచెంబు మునసబు

ప్రేమదాసుగారికి దాహం వెయ్యదని ఆ చుట్టుపక్కల ఊళ్ళలో చాలాకాలం నమ్మారు. వేసినా ఆయన నీళ్ళు ఆయన వెంటే ఉండేవి. మూత తిప్పి బిగించే ఇత్తడి మరచెంబు ఒకటి, అడుగున సొట్టపడ్డది, ఆయన ఎక్కడికి వెళితే అక్కడికి వచ్చేది. రైలెక్కినా అంతే, బండెక్కినా అంతే, చావింటికి వెళ్ళినా పెళ్ళింటికి వెళ్ళినా అంతే. వెనకాల కోర్టు బంట్రోతు హుస్సేన్ సాహెబ్ దాన్ని పట్టుకుని నడుస్తుంటే, "ఒరేయ్, మరచెంబు మునసబు వస్తున్నాడ్రా" అని కుర్రకారు దారి ఇచ్చేవాళ్ళు.

మునసబంటే ఊళ్ళో శిస్తు వసూలు చేసే మునసబు కాదు. జిల్లా మునసబు. సివిలు దావాలు విని తీర్పు చెప్పే జడ్జీ. దర్శి దగ్గర మెట్ట పల్లెలో, మిరప కోతలకు వెళ్ళి బతికే కిరస్తానీ తల్లిదండ్రులకు పుట్టినవాడు ఆ కుర్చీ దాకా రావడం ఆ రోజుల్లో మాటలు కాదు. ఆ సంగతి ఎవరైనా ఎత్తి పొగడబోతే మాత్రం ఆయన మిషను బోర్డింగు స్కూలు పేరు చెప్పి ఊరుకునేవాడు.

చెంబు కథ ఏమిటంటే, ఉద్యోగంలో చేరిన కొత్తలో పెద్ద జడ్జీ ఒకాయన పక్కన కూచోబెట్టుకుని ఒక మాట చెప్పాడు. ఎవరింట్లోనూ మజ్జిగ చుక్క ముట్టుకోకు, తాగిన మజ్జిగ కడుపులో ఉన్నంతసేపూ వాళ్ళ తరఫున వాదిస్తుంది అని. ప్రేమదాసు ఆ మాటను మూట కట్టుకున్నాడు. భార్య జయకుమారి బజారుకు వెళ్ళి ఆ చెంబు కొనుక్కొచ్చింది. ఆమె పెళ్ళైన కొద్ది సంవత్సరాలకే టైఫాయిడ్ వచ్చి పోయింది. పిల్లలు లేరు. మిగిలింది చెంబు.

దానికి ఇంకో ఉపయోగం కూడా ఉంది, అది పెద్ద జడ్జీ చెప్పింది కాదు. ఊరి బయట అంటరానివాళ్ళుండే పేటనే అక్కడ పల్లె అంటారు. పల్లెవాడు ఊళ్ళోకి వెళ్ళి మంచినీళ్ళు అడిగితే గ్లాసు ఇవ్వరు. దోసిలి పట్టమంటారు, పైనుంచి పోస్తారు. జడ్జీ అయ్యాక ఆ దోసిలి పోయి గ్లాసు వస్తుందో రాదో ప్రేమదాసు ఎన్నడూ తేల్చుకోలేదు. అడిగితే కదా తేలేది. చెంబు మధ్యలో ఉండి ఇటు ఆయన పరువూ అటు ఇంటివాళ్ళ ఆచారమూ రెండూ కాపాడేది. నియమం ఎంత, భయం ఎంత అని విడదీసి చూసుకోవలసిన అవసరం ఆయనకు చాలాకాలం రాలేదు.

కోర్టు వీధిలో అద్దె ఇల్లు. సాయంత్రం హుస్సేన్ సాహెబ్ పెట్టిన అన్నం ఒక్కడే తిని, బైబిలులో ఒక అధ్యాయం చదువుకుని పడుకునేవాడు. ప్లీడర్ల క్లబ్బుకు వెళ్ళేవాడు కాదు. ఆదివారం చర్చిలో చివరి బల్ల మీద కూచుని, ఆఖరి ప్రార్థన పూర్తికాక ముందే లేచి వచ్చేసేవాడు, కక్షిదారుడెవడైనా దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుంటాడేమోనని. పాదిరిగారికి ఇది తెలుసు గనక ఆయన వెళ్ళేదాకా ఆమెన్ అనేవాడు కాదు. ఒంటరితనం ఆయనకు ఉద్యోగంతోపాటు వచ్చిన బట్టల్లాంటిది. కొన్నాళ్ళకు ఒంటికి అతుక్కుంది.

ఆయనకు ఉన్న ఒకే ఒక్క రక్తసంబంధం చెల్లెలు ఎలీసమ్మ. ఆమెను నల్లరేగడి మధ్యలో ఉన్న రేగడిపాడు పల్లెకు ఇచ్చారు. 1954లో ప్రేమదాసుకు ఆ ఊరు తన అధికారం కిందికి వచ్చే కోర్టుకే బదిలీ అయింది. చెల్లెలు సంబరపడిపోయింది. అన్న కబురు పంపాడు, నేనిక్కడ ఉన్నన్నాళ్ళూ మా ఇంటికి రావద్దు, నేనూ రాను అని. పెద్ద ఉద్యోగం కదా, అలాగే ఉంటుంది కాబోలనుకుంది ఎలీసమ్మ.

మరుసటేడు రేగడిపాడు నుంచి దావా పడింది. ఊరికీ పల్లెకీ మధ్య పొలిమేరలో ఒక బావి ఉంది. అందులో తోడుకునే హక్కు మాకూ ఉందని పల్లెవాళ్ళు, లేదని ఊరివాళ్ళు. ఊరి పక్షాన పెద్దమనిషి యలమందయ్య, పత్తీ మిరపా పండించే మోతుబరి, మర్యాదస్తుడు, నవ్వుతూ మాట్లాడేవాడు. మొదటి వాయిదా రోజే ప్రేమదాసు నిండు కోర్టులో, నా చెల్లెలు ఆ పల్లెలో ఉంది, మీకు అభ్యంతరమైతే దావా వేరే కోర్టుకు పంపిస్తానన్నాడు. యలమందయ్య ప్లీడరు లేచి, తమరి మీద మా వాళ్ళకు పూర్తి నమ్మకం ఉందన్నాడు. పంపెయ్యవలసింది. కానీ ఊరి పెద్దలు తనను నమ్ముతున్నారన్న మాట ఆయన చెవికి తియ్యగా తగిలింది. అదీ మనిషి బలహీనత.

ఏప్రిల్ నెలలో బావిని కళ్ళారా చూడడానికి వెళ్ళాడు. మిట్టమధ్యాహ్నం. నేల నెర్రెలిచ్చి ఉంది. కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి, ఆ ఘాటుకు ప్లీడర్లు తుమ్ముతున్నారు. బావికి ఇటు ఊరంతా, అటు పల్లెంతా నిలబడ్డారు. ప్రేమదాసు బావి చుట్టూ తిరిగి, ఒర చూసి, దారులు చూసి గుర్తులు రాయించుకున్నాడు. చెమటతో కోటు తడిసిపోయింది. అప్పుడు పల్లె గుంపులోంచి ఎలీసమ్మ వచ్చింది. తల మీద కొంగు కప్పుకుని, చంకలో కుండ, చేతిలో తోమిన ఇత్తడి గ్లాసు.

"అన్నా, ఒక్క గుక్క తాగు. ఈ బావివే."

అందరూ చూస్తున్నారు. ప్రేమదాసు ఆ గ్లాసు వైపు చూశాడు, చెల్లెలి వైపు చూడలేదు. "ఈ నీళ్ళు దావాలో ఉన్నాయమ్మా" అన్నాడు. చెయ్యి వెనక్కి చాపితే హుస్సేన్ సాహెబ్ మరచెంబు మూత తిప్పి అందించాడు. తల పైకెత్తి గటగటా తాగాడు. ఎలీసమ్మ గ్లాసు దించలేదు. మళ్ళీ, ఒక్క గుక్కేగా అన్నా అంది మెల్లిగా. ఆయన ప్లీడర్ల వైపు తిరిగిపోయాడు. ఆమె గ్లాసులో నీళ్ళు పారబోయలేదు. వాటిని కుండలో పోసుకుని వెళ్ళిపోయింది. ఊరి పక్షం నుంచి ఎవరో, భలే మనిషిరా, తోడబుట్టినదాని చేతి నీళ్ళు కూడా ముట్టలేదు అన్నారు. అది ప్రేమదాసుకు వినబడింది. వినబడి సంతోషం కూడా వేసింది.

తీర్పు పల్లెకు అనుకూలంగా వచ్చింది. బావి ఉభయులదీ అన్నాడు. అందులో నీరు తియ్యనిదని ఇరుపక్షాల సాక్షులూ చెప్పినందున అంటూ ఒక వాక్యం కూడా రాశాడు. ఊరివాళ్ళు పైకోర్టుకు వెళ్ళలేదు. తమ వీధిలో కొత్త బావి తవ్వించుకుని ఆ పాత బావి వైపు రావడం మానుకున్నారు. చట్టానికి తలవంచారని ప్రేమదాసు గర్వపడ్డాడు. ఎలీసమ్మ మాత్రం తర్వాత కంటబడలేదు. ఆయనకు మరో కోర్టుకు బదిలీ అయింది. క్రిస్మసుకు రమ్మని కబురు పంపాడు, ఇప్పుడు రావచ్చని కూడా చెప్పించాడు. రాలేదు. పదిమందిలో అవమానం జరిగిందని అలిగిందనుకున్నాడు. వెళ్ళి బతిమాలాల్సింది తనే. ఇవాళ, రేపు అంటూ ఏళ్ళు గడిపాడు.

1961లో రిటైరయ్యాడు. రేగడిపాడు దావా విన్న కోర్టు ఊళ్ళోనే ఇల్లు అద్దెకు తీసుకున్నాడు. హుస్సేన్ సాహెబ్ కూడా అదే ఏడు ఉద్యోగం దిగి, వేటపాలెంలో కూతురు దగ్గరికి వెళ్ళాల్సినవాడు, ఈయన్ని వదల్లేక పక్క వీధిలోనే ఉండిపోయాడు. పొద్దున లేస్తే కోర్టు గంట వినపడేది, కానీ వెళ్ళాల్సిన పని లేదు. అంతకాలం మనుషులు తన ఎదుట చేతులు కట్టుకుని నిలబడ్డవాళ్ళే. పక్కన కూచున్నవాళ్ళు లేరు. అది ఇప్పుడు తెలిసొచ్చింది.

అలాంటి సమయంలో యలమందయ్య పదిమందిని వెంటేసుకుని వచ్చాడు. అసెంబ్లీ ఎన్నికలొస్తున్నాయి. ఇద్దరు ఘరానా మనుషులు నువ్వా నేనా అని కత్తులు నూరుకుంటున్నారు, ఎవరు గెలిచినా రెండోవాడు ఊళ్ళు తగలబెట్టేలా ఉన్నాడు, ఇద్దరికీ కాని మనిషి కావాలి. మీరైతే ఎవరూ వేలెత్తి చూపరు అన్నాడు. ప్రేమదాసు రెండు రోజులు ఆలోచించాడని చెప్పుకునేవాడు గానీ, హుస్సేన్ సాహెబ్ చెప్పేదాని ప్రకారం వాళ్ళకు హోటలు నుంచి కాఫీ వచ్చేలోపే ఒప్పుకున్నాడట. మనుషులు పక్కన కూచుంటారన్న ఆశ అది.

గుర్తుగా తక్కెడ అడిగితే పడవ ఇచ్చారు. వాగులో మోకాలి లోతు నీళ్ళు కూడా ఉండని మెట్టలో పడవేమిటని జనం పడీపడీ నవ్వారు. నవ్వుతూనే గుర్తుపెట్టుకున్నారు. ప్రేమదాసు ఊరూరూ తిరిగాడు. అరుగుల మీద కూచోబెట్టారు. మంచినీళ్ళు తీసుకుంటారా అని ఇంటివాళ్ళు మర్యాదకు అడిగీ అడగనట్టు అడిగేవాళ్ళు, ఆయన నవ్వి చెంబు చూపించేవాడు. వాళ్ళ మొహాలు తేటపడేవి. ఇప్పుడు జడ్జీ కాదుగా, ఇంకా ఈ చెంబెందుకని హుస్సేన్ సాహెబ్ ఒకసారి అడిగాడు. అలవాటు అన్నాడు ప్రేమదాసు. రేగడిపాడు పల్లెకు మాత్రం వెళ్ళలేదు. చెల్లెలి దగ్గర ఓటు అడగడమేమిటని సాకు చెప్పి వేరేవాళ్ళను పంపాడు.

గెలిచాడు. బాగానే గెలిచాడు. మార్చి ఎండలో యలమందయ్య ఇంటి ముందు పందిరి వేసి సన్మానం చేశారు. మెడనిండా బంతిపూల దండలు. చుట్టూ జనం, పక్కన జనం. ప్రేమదాసుకు చాలా ఏళ్ళ తర్వాత మనసు నిండింది. చెంబు ఖాళీ అయింది, హుస్సేన్ సాహెబ్ ఎక్కడో జీపు దగ్గర ఉన్నాడు. మనసు నిండిన ధీమాలో నోరు జారింది.

"యలమందయ్యగారూ, కాసిని మంచినీళ్ళు ఇప్పించండి."

అరుగు మీద మాటలు ఆగిపోయాయి. గుమ్మంలోకి వచ్చిన యలమందయ్య భార్య భర్త మొహం చూసి లోపలికి వెళ్ళింది. తిరిగి రాలేదు. యలమందయ్య నొచ్చుకోకుండా, నొప్పించకుండా తేల్చేశాడు. ఎవరినో పిలిచి, కొట్టుకెళ్ళి జడ్జీగారికి సోడా పట్టుకురండ్రా అన్నాడు. సోడా వచ్చింది. గోలీ నొక్కి ఇచ్చారు. తాగిన సీసా మళ్ళీ కొట్టుకే పోతుంది, ఇంట్లో ఏదీ మైలపడదు. ప్రేమదాసు తాగుతుంటే యలమందయ్య పక్కకు జరిగి, నిజంగా ప్రేమగానే చెప్పాడు.

"మీరు మర్యాద తెలిసిన మనిషండీ. ఇన్ని ఊళ్ళు తిరిగారు, ఒక్క గుమ్మంలో గ్లాసు అడిగి ఇబ్బంది పెట్టలా. మా వాళ్ళంతా మీకు వేసింది అందుకే."

సోడా గొంతులో మంట పెట్టింది. ప్రేమదాసు దండలు తీసి అరుగు మీద పెట్టి లేచాడు. జీపెక్కమంటే వద్దన్నాడు. పొలిమేర బావి దాటి పల్లె వైపు నడిచాడు.

ఎలీసమ్మ కల్లంలో కూచుని మిరపకాయలు ఏరుతోంది. ఎర్రటి కాయలు ఒక పక్కకు, రంగు పోయిన తాలుకాయలు ఒక పక్కకు. నెత్తిన సగం తెలుపు. అన్నను చూసి లేవలేదు, ఏరడం ఆపలేదు. గెలిచావంటగా అంది. ప్రేమదాసు కల్లం గట్టున కూచున్నాడు.  దాహంగా ఉంది, నీళ్ళియ్యమన్నాడు.

ఆమె చేతుల కారం పోయేదాకా కడుక్కుని లోపలికి వెళ్ళింది. గ్లాసుతో వచ్చేసరికి అన్న రెండు చేతులూ దోసిలి పట్టి కూచుని ఉన్నాడు. తనకే తెలియకుండా పట్టాడు. చిన్నప్పుడు దర్శి పక్కన అమ్మ వెంట పొలాలకు వెళ్ళినప్పుడు పట్టిన దోసిలి, ఇన్నేళ్ళూ చెంబు అడ్డం పెట్టి దాచుకున్నది, సోడా దెబ్బకు బయటపడింది.

"చేతులు దించు" అంది ఎలీసమ్మ. "ఇది నా ఇల్లు."

గ్లాసు అందుకుని తాగాడు. ఒక్క గుక్కకే ఆగిపోయాడు. ఉప్పు. కన్నీళ్ళు కలిసినట్టు, మింగుడుపడని ఉప్పు.

ఇదే బావివా అని అడిగాడు. అదే బావివంది. అప్పుడు చెప్పింది. దావా వేసిన ఏడే ఊట మారిందట. ఊరివాళ్ళకు తెలుసు, అందుకే పైకోర్టుకు పోకుండా వేరే బావి తవ్వుకున్నారు. ఉప్పు నీళ్ళకు దావా ఎందుకంటారని, తియ్యనివంటేనే అది నిలబడుతుందని ప్లీడరు నూరిపోస్తే పల్లెవాళ్ళు అలాగే సాక్ష్యం చెప్పారు.

"నోటితో చెపితే మావోళ్ళ సాక్ష్యం చెడిపోద్ది. నువ్వొక్క గుక్క తాగితే నీకే తెలిసిద్దని తెచ్చా అన్నా ఆ రోజు."

ప్రేమదాసు గ్లాసులో మిగిలిన నీళ్ళ వైపు చూశాడు. మర్యాదకు తెచ్చిందనుకున్నాడు ఇన్నాళ్ళూ. చివరికి జడ్జీ మాటే నోట్లోంచి వచ్చింది. తెలిసినా నేనేం చేసేవాణ్ణి, దావాలో అడిగింది బావి హక్కే గాని నీళ్ళ రుచి కాదుగా అన్నాడు.

"ఏమీ చెయ్యలేకపోయేవాడివేమో" అంది ఎలీసమ్మ. "తెలిసుండేదిగా. మేం ఏం తాగుతున్నామో మా అన్నకు తెలుసనుకుని తాగేదాన్ని."

ఆ మాట ఆయన్ని అయిదేళ్ళు వెంటాడింది. హైదరాబాదులో ఎమ్మెల్యేల బసలో ఒక్కడే ఉండేవాడు. పక్క గదుల్లో మనుషులు కిటకిటలాడేవాళ్ళు, బదిలీలకు, లైసెన్సులకు. ఈయన దగ్గరికి వచ్చినవాడికి ఎదుటి పక్షం వాదన కూడా విని చెబుతాను అనేవాడు. అలాంటి ఎమ్మెల్యే దగ్గరికి రెండోసారి ఎవడొస్తాడు. సభలో లేచినప్పుడల్లా తాగే నీళ్ళ గురించే మాట్లాడేవాడు. తిరగ్గా తిరగ్గా మూడో ఏడు రేగడిపాడు పల్లెలో వేరే చోట బావి మంజూరైంది. లోతుకు తవ్వితే తియ్యటి నీళ్ళు పడ్డాయి. గెలిపించింది మేము, బావి వాళ్ళకా అని యలమందయ్య అరుగు మీద మొదటిసారి గొంతులు లేచాయి.

1967 ఎన్నికలకు ప్రేమదాసు ఒక పని చేశాడు. బయల్దేరే ముందు మరచెంబు హుస్సేన్ సాహెబ్ చేతిలో పెట్టి, ఇది నీ ఇంట్లో ఉంచుకో అన్నాడు. ఉత్త చేతులతో ఊరూరూ తిరిగాడు. ప్రతి గుమ్మం ముందూ నిలబడి, ఓటు మాట ఎత్తకముందే మంచినీళ్ళు అడిగాడు. కొన్ని ఇళ్ళలో సోడా తెప్పించారు, వద్దన్నాడు. కొన్ని ఇళ్ళలో చెంబు ఎత్తి దోసిలి పట్టమన్నారు, పట్టలేదు. కొన్ని ఇళ్ళలో బిందెలు నిండుగా కనబడుతుండగానే నీళ్ళు నిండుకున్నాయన్నారు. ఆయన కోపగించుకునేవాడు కాదు. నాలుక పిడచకట్టుకుపోతుంటే దండం పెట్టి పక్క గుమ్మానికి వెళ్ళేవాడు. వెంట వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే జారుకున్నారు. ఈయనకు మతి పోయిందన్నారు.

యలమందయ్య దారిలో ఎదురుపడి రెండు చేతులూ పట్టుకున్నాడు. మనిషి నిజంగా బాధపడుతున్నాడు.

"జడ్జీగారూ, ఓటడగండి, వేస్తాం. నీళ్ళు మాత్రం అడక్కండి."

నాకు రెండూ ఒకటేనండీ అన్నాడు ప్రేమదాసు.

ఓడిపోయాడు. డిపాజిట్టు కూడా దక్కలేదు. ఫలితాలు తెలిసిన రోజు ఇంటికి వచ్చింది హుస్సేన్ సాహెబ్ ఒక్కడే. మర్నాడు ప్రేమదాసు బస్సెక్కి రేగడిపాడు వెళ్ళాడు. మళ్ళీ కల్లాల రోజులు. ఎలీసమ్మ చేతులు కడుక్కుని, కొత్త బావి నీళ్ళు రెండు గ్లాసుల్లో తెచ్చి, ఒకటి అన్నకిచ్చి, ఒకటి తను పట్టుకుని ఈసారి పక్కన కూచుంది.

ఎవరన్నా ఇచ్చారా అని అడిగింది. ఒకామె ఇచ్చిందన్నాడు. దాచేపల్లి దారిలో ఒక ఊళ్ళో కోటిరత్నం అని ముసలమ్మ, పెద్ద కులపామె. పాపం ఎండలో వచ్చావని గ్లాసు నిండా ఇచ్చి, ఇంకా కావాలా నాయనా అంది. ఇంట్లోవాళ్ళు గుడ్లురుముతున్నా చూసుకోలేదు.

"ఒక్కామేనా?"

"ఒక్కామే."

 ఇద్దరూ నీళ్ళు తాగారు. తియ్యగా ఉన్నాయన్నాడు ప్రేమదాసు. సాయంత్రం బస్సుకు లేచాడు. ఉండమంది గానీ, ఒంటిగదిలో కొడుకూ కోడలూ పిల్లలతో ఎక్కడ ఉంటాడు. అద్దె ఇంట్లో ఎదురుచూసేవాళ్ళెవరూ లేకపోయినా వెళ్ళాలి. పొలిమేర దాకా సాగనంపడానికి వచ్చిన చెల్లెలు ఆయన ఉత్త చేతులు చూసి ఆగింది.

"చెంబేది? దారిలో దాహమేస్తే?"

"ఎవర్నన్నా అడుగుతాలే" అని ప్రేమదాసు బస్సు వైపు నడిచాడు.